నకళ్లలో అసలు
ప్రతి ప్రతీ నకలే అయిన వస్తువుకు ‘అసలు’ ఉంటుందా? తొలినాటి టెక్నో, ఇండస్ట్రియల్ నాయిస్ రికార్డుల సేకరణలో ఎదురయ్యే చిక్కు ఇదే. యాంత్రికంగా నకళ్లు తీయడం మొదలయ్యాక కళాకృతి చుట్టూ ఉన్న ప్రభ క్షీణిస్తుందని 1930లలో జర్మన్ తత్త్వవేత్త వాల్టర్ బెంజమిన్ వాదించాడు. కానీ ఇండస్ట్రియల్ బృందం త్రాబింగ్ గ్రిసిల్ 1977లో తెచ్చిన ఆల్బమ్ ‘ద సెకండ్ యాన్యువల్ రిపోర్ట్’ చూడండి: మొదటి విడతలో వేసినవి 785 ప్రతులే. సంగీత వ్యాపారాన్ని ఎద్దేవా చేస్తూ తమ లేబుల్‌కు ‘ఇండస్ట్రియల్ రికార్డ్స్’ అని పేరు పెట్టుకున్నవారి సరుకే ఇప్పుడు అపురూపం కావడం విడ్డూరం.

సేకర్త రికార్డును దీపం కింద వాలుగా పట్టి, చివరి గాడికీ లేబుల్‌కీ నడుమ నున్నటి వలయంలో గీసిన అంకెలు వెతుకుతాడు. ఏ విడతదో తేల్చడంలో అవి ఆధారం. డెట్రాయిట్ టెక్నో బృందం అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అక్కడ సందేశాలూ చెక్కించేది. ధ్వని ఒకటే అయినా పుట్టుకను బట్టి విలువ మారుతోంది. పోయిందనుకున్న ప్రభ చరిత్ర రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

ఈ సేకరణ భక్తా, మోహమా? జైనుల తత్త్వార్థ సూత్రం పరిగ్రహాన్ని, అంటే సొంతం చేసుకోవడాన్ని, వస్తువులో కాక మమకారంలో చూస్తుంది. ఆ లెక్కన కవరు విప్పకుండా దాచినవాడు సులువుగా దొరికిపోతాడు. గాళ్లు అరిగేదాకా వినేవాడి సంగతి అంత తేలిగ్గా తేలదు.