పెరికిన నారు నాటవలెను

ధ్యానభాగములు: యిర్మీయా 29:4–7, అపొ. కార్యములు 8:1–4



కృష్ణగిరి జిల్లా, డెంకణికోట తాలూకా, జవళగిరి ప్రాంతమున కాపురముండు మనకు కనకాంబరము, బిళ్ళగన్నేరు, చంద్రకాంత తెలియని మొక్కలు కావు. ఒకసారి నాటినచో ఏండ్ల తరబడి పూయును. ఎవరు విత్తకపోయినను వాటి గింజలే రాలి మొలచును. కనకాంబరపు ఎండుకాయ మీద వాన చినుకు పడగానే అది టప్పున చిట్లి, గింజను దూరముగా విసరును. స్తెఫను మరణము తరువాత యెరూషలేము సంఘముపై కురిసినది అట్టి వానయే. చెదరిపోయిన విశ్వాసులు వెళ్లిన చోటనెల్ల సువార్త మొలచెను. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు ప్రాంతము విడిచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లి, కూలికై వలసపోయిన తెలుగువారి మధ్య బాప్తిస్టు సంఘమును కట్టిరి. మనలను హోసూరు ఫ్యాక్టరీలకు, పూలతోటలకు తెచ్చినది జీతమే కావచ్చును. అయినను విసరిన చేయి దేవునిదే.

అయితే తల్లిమొక్క క్రిందనే గుంపుగా మొలచిన నారు పాలిపోవును. దానిని తీసి వేరొక చోట నాటవలెను. ఎట్లు? రెండు మూడు జతల ఆకులు వచ్చినప్పుడు, ముందుగా నేల తడిపి, సాయంకాలమున వేరు చుట్టునున్న మట్టిగడ్డతో సహా తీయుదుము. వెంటనే నాటి, మొదలు చుట్టు మెల్లగా అదిమి, నీరు పోసి, నాలుగైదు దినములు నీడ కల్పించుదుము. ఇందులో మనకు మూడు పాఠములున్నవి.

మొదటిది, వేరుతో కొంత మన్ను రావలెను. తెలుగు ప్రార్థన, కుటుంబ ప్రార్థన ఆ మన్ను. అయితే పెరడంతయు తవ్వి తేనక్కరలేదు. ఊరి కక్షలు, కులపట్టింపులు, పాత సంఘపు ముఠాలు అక్కడనే విడువవలెను. మన పిల్లలు తమిళములోనో కన్నడములోనో ప్రార్థించినచో వారిని గద్దింపకుడి. వారి వేరు క్రీస్తునందున్నదా అని మాత్రమే చూడుడి.

రెండవది, పెరికిన నారు చేతిలో ఉంచుకొనరాదు. కొందరి సంఘ బదిలీ పత్రము ఏండ్లుగా పెట్టె అడుగుననే యున్నది. క్రిస్మసుకు ఊరిలో ఒక ఆరాధన, ఇక్కడ తీరిక దొరికిన ఆదివారము ఒక ఆరాధన. అక్కడ వారి కొరకు ప్రార్థించువారికి వీరి కష్టము తెలియదు. ఇక్కడివారికి వీరి పేరు తెలియదు. జబ్బు చేసిన రాత్రి ఎవరిని పిలుతురు? బాప్తిస్మమున క్రీస్తుతో కూడ పాతిపెట్టబడిన మనము నేల లేకుండ బ్రదుకలేము.

మూడవది, క్రొత్త నారు మొదటి దినములలో తల వాల్చును. చచ్చినదని పెరికివేయువాడు తోటమాలి కాడు; వేరు పట్టినదా అని లాగి చూచువాడును తోటమాలి కాడు. వెనుక బల్లమీద కూర్చుండి మౌనముగా వెళ్లిపోవు క్రొత్త కుటుంబమును విశ్వాసము లేనివారని తీర్పు తీర్చక, ఈ ఆదివారమే భోజనమునకు పిలువుడి. నీడయు నీరును మన వంతు. వృద్ధి కలుగజేయువాడు దేవుడు (1 కొరింథీ 3:6–7).

బిళ్ళగన్నేరు మడగాస్కరు నుండి, చంద్రకాంత అమెరికా ఖండము నుండి వచ్చినవి. నేడు మన పెరళ్లలో వాటిని పరదేశులని ఎవరందురు? బబులోనుకు చెరపోయినవారితో తోటలు నాటుకొమ్మనియు, ఆ పట్టణ క్షేమము కొరకు ప్రార్థించుమనియు దేవుడు సెలవిచ్చెను. జవళగిరిలో తరతరాలుగా నున్న తెలుగు, కన్నడ, తమిళ పొరుగువారి క్షేమములోనే మన క్షేమమున్నది. ఎప్పుడో తిరిగి పోవుదుమను తలంపుతో ఈ నేలను అద్దె నేలగా చూచుట మానుదము. పెట్టెలోని పత్రము ఈ వారమే తీసి, సమీప సంఘమునకు ఇచ్చుదము.

చెదరగొట్టిన ప్రభువే మనలను నాటి, స్థిరపరచును గాక. ఆమేన్.