నష్టపోయే హక్కు

చిల్పూరు గుట్టమీది దేవునికి బుగులు వేంకటేశ్వరస్వామి అని పేరు. బుగులు అంటే మా ప్రాంతపు మాటలో దిగులు, భయం. పెళ్ళికోసం కుబేరుని దగ్గర చేసిన అప్పు తీర్చే దారి కానరాక, ఆ బుగులుతోనే స్వామి ఈ గుట్ట చేరాడని స్థలపురాణం చెబుతుంది. దేవుణ్ణి ఇంతగా తమవంటివాణ్ణి చేసికొన్న జనం ఊహను మెచ్చుకోవలసిందే. వైకుంఠం నుంచి దిగివచ్చినవాడికి కూడా వడ్డీ తప్పలేదన్నమాట.

కుబేరుడు అప్పు ఇవ్వక వాటా తీసికొని ఉంటే ఏమయ్యేది? ప్రశ్న వేళాకోళంగా కనిపించవచ్చు గాని, మన కాలపు నీతిశాస్త్రంలో ఒక చిక్కుముడి ఇక్కడే ఉంది.

అప్పు కాదు, వాటా అనేదే వెంచర్ క్యాపిటల్ తన గురించి తాను చెప్పుకొనే గొప్ప. లండన్‌లో ఇటువంటి చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. నలుగురైదుగురు భాగస్వాములు కలిసి, ఇతరుల సొమ్ము పోగుచేసి, ఇంకా సరుకు కూడా తయారుకాని సాంకేతిక కంపెనీలలో పెడతారు. సాధారణంగా నిధిమీద ఏటా నూటికి రెండు చొప్పున నిర్వహణ రుసుము, లాభంలో నూటికి ఇరవై వారివి. పది కంపెనీలలో పెడితే చాలా భాగం మునిగిపోతాయని వారికి ముందే తెలుసు. ఏ ఒక్కటో వందరెట్లు పెరిగి తక్కిన నష్టాన్నంతా పూడ్చుతుంది. మునిగిన కంపెనీ పెట్టిన కుర్రవాడి ఇల్లు జప్తు కాదు. పైగా ఆ ఓటమి వానికి అనుభవంగా లెక్కకు వస్తుంది.

ఇందులో మంచి లేకపోలేదు. మన పల్లెల భాషలో చెప్పాలంటే ఇది కౌలు కాదు, పాలు. కౌలుదారు పంట పండినా ఎండినా కట్టవలసింది కట్టాలి. పాలుకు చేసే చోట పంట పోతే ఆసామికి కూడా పోతుంది. నష్టంలో పాలుపంచుకొనే పెట్టుబడి, నష్టం సంగతి నాకు పట్టదనే అప్పుకన్న నైతికంగా ఒక మెట్టు పైది. మనవాళ్ళు పెట్టుబడిని విమర్శించే తొందరలో ఈ తేడాను చూడకపోవడం పొరపాటు.

అయితే ఈ ఔదార్యం ఎవరి ఖర్చుతో నడుస్తున్నది? బ్రిటన్‌లో 2012 నుంచి అమలులో ఉన్న ఒక పన్ను పథకం ప్రకారం కొత్త కంపెనీలో 100 పౌన్లు పెట్టినవానికి 50 పౌన్లు ఆదాయపు పన్నులో తగ్గుతుంది. కంపెనీ మునిగితే, మిగిలిన 50 పౌన్ల నష్టాన్ని కూడా అతడు తన ఆదాయంలో మినహాయించుకోవచ్చు. నూటికి 45 వంతున పన్ను కట్టే ధనికునికి దానివల్ల మరి 22 పౌన్ల 50 పెన్నీలు కలిసివస్తాయి. అంటే వంద పోగొట్టుకొన్న సాహసికి నిజంగా పోయింది ఇరవై ఏడున్నర! తక్కినది ఖజానా భరించింది. ఆ ఖజానాలో బస్సు డ్రైవరు పన్ను కూడా ఉంది.

దీన్ని అక్కడ ప్రోత్సాహం అంటారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల రూపాయల వరకు పంట రుణాలు మాఫీ చేసినప్పుడు, అది రైతుల నీతిని చెడగొడుతుందని ఎందరో చదువుకొన్నవారు వాపోయారు. ఉపకారం ఒకటే. పొందేవాడి వర్గాన్నిబట్టి దాని పేరు మారుతున్నది.

రైతు సాహసి కాడని ఎవరనగలరు? మా ప్రాంతంలో నీటికోసం బోరు వేయించేవాడు చేసేది అచ్చంగా వెంచర్ వ్యాపారమే. ఒకటి పడకపోతే రెండు, రెండు పడకపోతే మూడు. కాని లండన్ పెట్టుబడిదారుకు పది చేలలో పది బోర్లు ఉన్నాయి. ఇతనికి ఉన్నది ఒక్క చేను, అదీ అప్పుమీద. కాబట్టి ధైర్యంలో తేడా లేదు, లెక్కలో ఉంది. 1997-98లో పాత వరంగల్ జిల్లాలో పురుగు పత్తిని తినివేసినప్పుడు విత్తనాలకు, మందులకు అరువిచ్చిన దుకాణదారు నష్టంలో వాటా అడగలేదు, బాకీ అడిగాడు. ఎందరో రైతులు పురుగుల మందే తాగి చనిపోయారు. వారి ఓటమిని అనుభవమని ఎవరూ జమకట్టలేదు. ఎండిపోయిన బోరు కూడా భూగర్భం గురించి కొంత జ్ఞానం ఇస్తుంది గదా!

వాటా పద్ధతినే చేలకు తెస్తే సరిపోతుంది గదా అని కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. సరిపోదు. వందరెట్లు పెరగగల చోటనే ఆ సొమ్ము తొమ్మిది నష్టాలను ఓర్చుకొంటుంది. ఎకరం పత్తి వందరెట్లు పండదు. క్షమ ఇక్కడ గుణం కాదు, గణితం.

మరి ఆ సొమ్ము నిజంగా మన పల్లెలకు వచ్చినప్పుడు ఏం జరిగింది? అది కూడా చూశాం. 1998లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో విక్రమ్ ఆకుల ప్రారంభించిన ఎస్‌కెఎస్ పేద స్త్రీలకు చిన్న అప్పులు ఇచ్చే స్వచ్ఛంద సంస్థ. 2005లో అది కంపెనీగా మారింది. 2007లో అమెరికాకు చెందిన సెకోయా అనే వెంచర్ సంస్థ అందులో వాటా కొన్నది. 2010 ఆగస్టులో ఒక్కొక్క వాటా 985 రూపాయల చొప్పున బజారులో అమ్ముడుపోయింది. పైఅంతస్తులో అంతా వాటాలే, ఎవరి బాధ్యత అయినా పెట్టిన సొమ్ము వరకే. 1855లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన వరం అది, పరిమిత బాధ్యత. కింది అంతస్తులో అయిదుగురు స్త్రీల గుంపు. ఒకరు వారపు కిస్తు కట్టలేకపోతే తక్కిన నలుగురూ పూడ్చాలి. దాని పేరు ఉమ్మడి బాధ్యత.

రెండు అంతస్తుల్లో తిరిగింది ఒకే సొమ్ము. కోటీశ్వరుడు తన భాగస్వామి అప్పుకు జవాబుదారీ కాడు. కూలికి పోయే స్త్రీ మాత్రం పక్కింటామె అప్పుకు జవాబుదారీ. మనం ఉమ్మడితనం అనే మాటను ఎంత గౌరవంగా వాడుకొంటాం! ఆ మాటనే పొరుగువారిచేత పొరుగువారిని నిలదీయించే పనిముట్టుగా వాడారు. వసూళ్ళ ఒత్తిడి గురించి, ఆత్మహత్యల గురించి వార్తలు వచ్చిన మీదట 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారపు కిస్తులు నెలవారీ అయినాయి, ఇంటిముందు కూర్చొని వసూలు చేయడం నేరమైంది. ఇది చిన్న మేలేమీ కాదు. కాని నష్టం ఎవరిదనే ప్రశ్న జోలికి ఆ చట్టం పోలేదు.

వసూళ్ళు ఆగిపోయి ఆ కంపెనీ నష్టాల పాలైంది. 2011లో విక్రమ్ ఆకుల తప్పుకొన్నాడు. 2016లో కంపెనీ భారత్ ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ అనే కొత్త పేరు పెట్టుకొన్నది. 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. ఈలోగా, సూక్ష్మరుణ సంస్థలు రుణచరిత్రలు నమోదుచేసే కంపెనీలలో సభ్యులుగా చేరాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో అక్కడ పేరుపేరునా రాసి ఉంటుంది. ఆ చిట్టాలో ఉన్న స్త్రీకి పేరు మార్చుకొనే వీలు లేదు, మరొకరిలో కలిసిపోయే వీలూ లేదు.