డెబ్భై అయిదు బ్లేడ్ల కత్తి

1851 లండన్ మహా ప్రదర్శన కోసం షెఫీల్డ్ నగరానికి చెందిన జోసెఫ్ రోడ్జర్స్ సంస్థ ఒక మడతకత్తి చేసింది. పేరు నార్‌ఫోక్ కత్తి. ముత్యపుచిప్ప పిడి, దాన్నుంచి విసనకర్రలా విచ్చుకునే 75 బ్లేడ్లు, పనిముట్లు. బ్లేడ్ల మీద బొమ్మలు కూడానూ! జేబులో పట్టదు, చేతిలో ఇమడదు. దానితో నిమ్మకాయ కోయాలంటే ముందు మిగతా 74 నుంచి వేళ్లు కాపాడుకోవాలి.

అంతకుముందే 1822లో, క్రీస్తుశకంలో ఏడాదికొకటి చొప్పున 1822 బ్లేడ్లతో ఇదే సంస్థ ఇంకో కత్తి చేసింది. తర్వాతి ఏళ్లకూ బ్లేడ్లు చేర్చుతూ పోయారు. పిచ్చే అనుకోండి. కానీ అవి వాడకానికి కావు, పనితనం చాటడానికి. రోడ్జర్స్ అసలు వ్యాపారం మామూలు చాకులదే.