డాడర్: తూలే నడక, బంగారు తీగ

ఇంగ్లీషులో 'డాడర్' అంటే క్రియగా వయసు మీదపడి తూలుతూ నడవడం. నామవాచకంగా తెలుగు రైతులు బంగారు తీగ అని పిలిచే పరాన్నజీవి మొక్క. రెండు మాటలకూ చుట్టరికం లేదు. తీగ పేరు పాత జర్మానిక్ భాషల నుంచి వచ్చింది. నడకను చెప్పే క్రియ 17వ శతాబ్ది నాటిది, వణుకును సూచించే మాటల కోవలోది.

అయినా తీగ తొలి రోజులు చూస్తే పేరు భలే కుదిరిందనిపిస్తుంది. మొలకకు ఆకులుండవు, నిలదొక్కుకునేంత వేరుండదు. గింజలోని నిల్వ కొద్ది రోజులకే సరిపోతుంది. ఆలోగా దారంలాంటి కొనను గుండ్రంగా తిప్పుతూ ఆసరా వెతుక్కోవాలి. చూసేవాళ్లకు అది ఉత్త తూగుడే. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2006లో సైన్స్ పత్రికలో వెల్లడించిన సంగతి వేరు: మొలక పక్కనున్న మొక్కల వాసన పసిగట్టి అటు వంగుతుంది, గోధుమకూ టమాటాకూ మధ్య టమాటానే ఎంచుకుంటుంది. తూగుడులో అంత లెక్క ఉందన్నమాట.

పట్టు దొరికాక ఇక తూలడం ఉండదు. తీగకు పుట్టే చూషకాలు (పీల్చే మొనలు) ఆసరా మొక్క కాండంలోకి దిగి, నీటినీ ఆహారాన్నీ మోసే నాళాలతో కలుస్తాయి. వేరు ఎండిపోయి నేలతో సంబంధం తెగుతుంది. కోస్తా ఆంధ్రలో వరి కోసిన మాగాణిలో మినుము వేసే రైతుకు ఈ పసుపుపచ్చని అల్లిక పెద్ద బెడద. గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి, పూత రాకముందే తీగను అది పట్టిన మొక్కలతో సహా పీకి తగలబెట్టాలి.

మనిషి తూలుడుకు కారణాలు వేరు. లోపలి చెవిలోని సమతౌల్య అవయవం మందగిస్తుంది, చూపు తగ్గుతుంది, అరికాలికి నేల స్పర్శ సరిగ్గా అందదు, తొడ కండరాలు సన్నబడతాయి. మెదడు అడుగడుగునా ఒరుగుడు సరిచేసుకుంటూనే ఉంటుంది. ఇది కూడా వెతుకులాటే. అయితే కర్ర అందుకున్న ముసలాయన తన దారిన తాను నడుస్తాడు. మనవడి భుజం మీద వేసిన చేయి వీధి చివర వదిలేస్తాడు. పట్టుకున్నాక వదలనిది తీగే. పరుల మీద ఆధారపడ్డారని వృద్ధులను భారంగా లెక్కగట్టేవాళ్లు ఈ తేడాను పట్టించుకోరు.

ఆసరాకూ కొలత ఉంది. చేయి వేలాడేసి నిటారుగా నిలబడితే కర్ర పిడి మణికట్టు ఎత్తుకు రావాలి. ఎవరి కర్ర వాళ్ల ఎత్తుకు తగ్గట్టు కోయించుకోవలసిందే.