తల్లి నుంచి బిడ్డకు

హెపటైటిస్ బి గురించి మాట్లాడేటప్పుడు ‘తల్లి నుంచి బిడ్డకు’ అంటాం. ఆ వాక్యంలో జబ్బు తల్లితోనే మొదలవుతుంది. మరి ఆమెకెలా వచ్చింది? ఒకరికి వాడిన సూది, పరీక్షించని రక్తం, భర్త, లేదా తను పుట్టిననాడే కన్నతల్లి.

2018లో మొదలైన జాతీయ కార్యక్రమంలో గర్భిణుల పరీక్ష ఉంది. మంచిదే. కానీ నూజివీడు మామిడితోటలో కూలికెళ్ళే ఆమె కాగితం ఇంటికొస్తే కంచం వేరు పెట్టరా? ఒకే కంచంలో తిన్నా అంటదిది! పుట్టిన 24 గంటల్లో టీకా పడితే బిడ్డకు చాలావరకు రక్షణ, చనుబాలు మానక్కర్లేదు. 1997లో ఆ టీకాను మనదేశంలో తొలిసారి తయారుచేసిన హైదరాబాదు సంస్థ ‘శాంతా’కి వరప్రసాద్‌రెడ్డి పెట్టింది తన తల్లి పేరే.

రక్షణకి అమ్మ పేరు సరే. ఆ ఫలితం ఆమెకంటే ముందు అత్తగారికి ఎందుకు తెలియాలి? భర్తని పరీక్షకి ఎవరు పిలుస్తారు?