మూతపడిన యంత్రశాల, తెరువవలసిన కాయకశాల

కాయకమును కైలాసముగా నెంచిన శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము మిక్కిలి ప్రసిద్ధము. 12వ శతాబ్దమున కల్యాణమునకు చేరిన మారయ్య, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటనే తన కాయకముగా స్వీకరించెను. ఆ గింజలతో లక్కమ్మ జంగమ దాసోహము సాగించుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే యగునని తెలిపి, మిగులు బియ్యమును అక్కడనే తిరిగి చల్లి రమ్మని భర్తను పంపెను.

ఈ వృత్తాంతమునందు రెండు ధర్మములు గలవు. రాలినదని లోకము విడిచినదానిని ఏరి అన్నముగా మార్చుట మొదటిది. ఏరునపుడు ఆశకు లోబడకుండుట రెండవది. కర్నూలు, కడప సీమలలో మూతపడిన యంత్రశాలల విషయమున నేడు ఈ రెండు ధర్మములును అవసరములే.

పూర్వపు కడప జిల్లాలో చెయ్యేటి ఒడ్డున నందలూరు గలదు. మద్రాసు, బొంబాయి రైలు మార్గమున ఈ ఊరు ఒకప్పుడు ఆవిరి యంత్రముల షెడ్డుతో కళకళలాడెను. ఆవిరి బండ్ల కాలము ముగియుటతో ఆ షెడ్డు పని నిలిచెను. పిమ్మట ఆ ఊరనే ఆల్విన్ రిఫ్రిజిరేటర్ల కర్మాగారము వెలసెను, అదియు మూతపడెను. కడపకు చేరువనున్న చెన్నూరు సహకార చక్కెర కర్మాగారపు గతియు నట్టిదే. ఒక్కొక్క గేటు మూతపడినప్పుడు పనివారితో పాటు చుట్టుప్రక్కల టీ అంగడి, బండి తోలువాడు, చెరకు రైతు కూడ జీవనము కోల్పోయిరి.

పని లేనిచోట మనుష్యులు నిలువరు. ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కుటుంబములు పత్తి, మిరప కోతలకై గుంటూరు సీమకును, పొరుగు రాష్ట్రములకును ఏటేట వలసపోవుచున్నవి. తల్లిదండ్రుల వెంట బిడ్డలును పోవుదురు. బడిలో వారి స్థానము ఖాళీయగును. రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతముల వారు కువైట్ వరకు పోయి కూలి చేయుచున్నారు. వేలాదిగా కాయకజీవులు సొంత ఊరు విడుచుచుండగా, గోడలు, కప్పు, బాట గల శాలలలో కంపచెట్లు మొలచుట ధర్మమా?

కొత్త పారిశ్రామిక నగరముల యత్నము సాగుచునే యున్నది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము కర్నూలు జిల్లా ఓర్వకల్లున 2,621 ఎకరములలోను, కడప చెంత కొప్పర్తిలో 2,596 ఎకరములలోను పారిశ్రామిక కేంద్రములకు ఆమోదము తెలిపెను. అవి ఫలించుట అందరికిని క్షేమమే. అయినను అట్టి విశాల కేంద్రములు పెద్ద పెట్టుబడికి తగినవి. పదిమందితో పని ప్రారంభింపదలచిన చిన్నవానికి కావలసినది వేయి ఎకరములు కాదు. ఒక గది, విద్యుత్తు, నీరు, లారి వచ్చు దారి. ఇవి పాత యంత్రశాలలో తేలికగా అమరును.

ఒకే గొప్ప యజమాని వచ్చి తాళము తీయునని ఎదురుచూచుటచేతనే పాతశాలలు శిథిలమగుచున్నవి. ఈ భ్రమను విడిచినవారి దృష్టాంత మొకటి గలదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున బటేవియా అను చిన్న పట్టణమున్నది. వ్యవసాయ యంత్రములు చేయు మాసీ హారిస్ సంస్థ అక్కడి తన కర్మాగారమును మూసివేయగా పట్టణము నిరుద్యోగముతో కుంగెను. స్థానిక వర్తకులైన మాన్‌కూసో కుటుంబమువారు ఆ భవనమును కొనిరి. అంత పెద్ద శాలను పూర్తిగా తీసుకొను సంస్థ ఏదియు దొరకలేదు. అప్పుడు జోసెఫ్ మాన్‌కూసో దానిని భాగములుగా విభజించి చిన్న వ్యాపారములకు అద్దె కిచ్చి, కార్యాలయ సహాయమును, వ్యాపార సలహాను ఉమ్మడిగా సమకూర్చెను. 1959లో మొదలైన ఈ యేర్పాటులో తొలుత చేరినవారిలో కోడిగ్రుడ్లను పొదిగించువా రొకరు. ఆ పోలికతోనే చిన్న వ్యాపారములను పెంచు స్థలమునకు పొదుగుశాల అను అర్థము గల ఇన్‌క్యుబేటర్ అను పేరు లోకమున నిలిచెను. తల్లికోడి గ్రుడ్డుకు వెచ్చదన మిచ్చును. పిల్ల నడక నేర్చిన పిదప దానిని కట్టివేయదు. ఆ శాల ధర్మమును అట్టిదే.

ఈ పద్ధతి రాయలసీమకు పరాయిది కాదు. కరువు సీమయైన ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పెను. నూలు సమకూర్చుట, నేసిన బట్టను అమ్ముట సంఘము వంతు, నేత నేతగానిది. ఒంటరిగా నిలువలేని మగ్గము పదిమందితో కలిసి నిలిచెను. ఆ సేవకు సోమప్పకు పద్మశ్రీ లభించెను. ఉమ్మడి వసతి, వేరువేరు కాయకము అను సూత్రమును ఈ నేల ఆనాడే యెరిగియున్నది.

పనికి సరకు కొదువలేదు. పత్తికొండ టమాటా ధర పడిపోయినపుడు రైతు దానిని రోడ్డుపై పారబోయుచున్నాడు. ఎండబెట్టి పొడి చేయు శాల యున్న అది ధనమగును. కర్నూలు ఉల్లి, కోడూరు మామిడి, మైదుకూరు పసుపు, ఆదోని ప్రత్తి, బేతంచెర్ల నాపరాళ్ల మిగులు ముక్కలు, ఇవన్నియు ఒక్కొక్క కుటుంబపు కాయకమునకు చాలును. పెద్ద కర్మాగార మొక్కటి కూలిన ఊరంతయు కూలును. ముప్పది చిన్న పనులలో మూడు చెడినను ఇరువదియేడు నిలుచును.

చిక్కులు లేవని కాదు. అప్పులు, వ్యాజ్యములు తీరక స్థలముపై హక్కు తేలని శాలలు గలవు. రసాయనములు ఇంకిన నేలను, ఆస్బెస్టాస్ కప్పును పరీక్షింపక మనుష్యులను పనికి దింపుట పాపము. వీనిని ముందుగా సరిచేయవలెను.

వీనిని మించిన చిక్కు ఆశ. వరంగల్లున 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు వేలమందికి అన్నము పెట్టెను. అది మూతపడిన పిదప దాని నేలలో చాలభాగము ఇండ్ల స్థలములుగా మారెను. స్థలమునకు ధర వచ్చెను. కాయకమునకు చోటు పోయెను. యంత్రశాల నేల యూరి యొడిలో రాలిన బియ్యము. దానిని పనికై ఏరువాడు మారయ్య. ప్లాట్లు వేసి అమ్ముకొనగోరువాడు లక్కమ్మ తిప్పి పంపిన మిగులు బియ్యమును కోరుచున్నాడు.

స్థావరముకంటె జంగమము మిన్న యని శరణుల సిద్ధాంతము. ఇటుక గోడ స్థావరము. అందు ప్రవేశించు కాయకము జంగమము. గోడను కాపాడుటయే లక్ష్యమైన అది పురావస్తువగును. కాయకమును నిలుపుటయే లక్ష్యమైన అది ప్రాణము పోసుకొనును. కావున మఠములు అన్నదాసోహముతో పాటు విద్యాదాసోహముగా పనినేర్పును చేపట్టవలెను. వ్యాపార మెరిగిన పెద్దలు వారమున కొకపూట లెక్కల విషయమున యువకులకు తోడ్పడవలెను. మూతపడిన శాలలో తొలి గదులు వలసపోవు కుటుంబములకును, స్త్రీలకును దక్కునట్లు గ్రామపెద్దలు అధికారులను కోరవలెను. అద్దెలో కొంత భాగము అక్కడి బిడ్డల బడికి దాసోహముగా చేరినచో, వలసబండి యెక్కవలసిన బాలుడు పలక పట్టి కూర్చుండును.

లక్కమ్మ పొయ్యిపై ఉడికినది ఏరిన గింజయే. దానితోనే దాసోహము నడిచెను.