రేపటి గెలుపు కోసం ఇవాళ ఓడిపోవడం ధర్మమేనా?

చతికిలబడ్డ జట్టును దీర్ఘకాలానికి నిలబెట్టే పనిలో ఒక ధర్మసందేహం ఉంది: రేపటి గెలుపు కోసం ఇవాళ్టి ఆటను వదులుకోవచ్చునా? ముక్తి కోసమో, పిల్లల బాగు కోసమో వర్తమానాన్ని పణంగా పెట్టే ప్రతి జీవితంలోనూ ఈ ప్రశ్న ఉంటుంది. ఆటలో గెలుపోటములు అంకెల్లో తేలుతాయి కనుక దాన్ని అక్కడ పరిశీలించడం సులువు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈ సందేహం నిబంధనల్లోంచే పుట్టింది. అట్టడుగున నిలిచిన జట్లకు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. బలహీనులకు చేయూతగా పెట్టిన ఏర్పాటు చివరికి ఓటమికి బహుమతిగా మారింది. ఫిలడెల్ఫియా సెవంటీ సిక్సర్స్ 2013 నుంచి తెలిసి తెలిసీ బలహీనమైన జట్టును దింపింది. 2015-16లో 82 మ్యాచ్‌లలో 72 ఓడింది. జోయెల్ ఎంబీడ్ వంటి మేటి ఆటగాడు దొరికినా టైటిల్ దక్కలేదు. ఓక్లహోమా సిటీ థండర్ కూడా 2020-21 నుంచి రెండేళ్లు అడుగునే ఉండి, 2025లో విజేత అయింది. దాదాపు ఒకే దారి ఒకరికి కలిసొచ్చింది, మరొకరికి రాలేదు. కాబట్టి ఫలితాన్ని బట్టి ఆ దారి మంచిచెడ్డలు తేల్చలేం.

చతికిలబడి మళ్లీ లేచిన జట్టుకు తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ప్రో కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో వరుసగా ఆఖరి స్థానం. పదో సీజన్‌కు మేటి రైడర్ పవన్ సెహ్రావత్‌ను రూ.2.605 కోట్లకు కొన్నా, 22 మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. 2024లో కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాక 12 గెలిచింది. 2025లో ప్లేఆఫ్స్ చేరింది. ఒక్క తారతో జట్టు నిలబడదని ఆ అనుభవం చెబుతుంది.

పదో సీజన్ నిబంధనల్లో మరో విశేషం ఉంది. ఏడు లేదా అంతకన్నా తక్కువ పాయింట్ల తేడాతో ఓడినా లీగ్ పట్టికలో ఒక పాయింటు దక్కేది. ఎనిమిది పాయింట్లు వెనకబడిన జట్టు నుంచి ఆఖరి నిమిషంలో కూతకు వెళ్లిన కుర్రాడికి మ్యాచ్ చేజారిపోయినా పని మిగిలే ఉండేది. 30 సెకన్లలో ఒకరిని తాకి గీత దాటి వస్తే తేడా ఏడుకు తగ్గి ఆ పాయింటు దక్కేది. ఓటమికి కాక, ఓటమిలోనూ చేసిన పోరాటానికి విలువ కట్టిన నియమమది.

భగవద్గీత చెప్పే నిష్కామకర్మ లక్ష్యాన్ని కాదనదు. ఫలం మీద ఆశతో కర్మను చెడగొట్టుకోవద్దంటుంది. కావాలని ఓడే జట్టు చేసేది సరిగ్గా అదే: దూరపు ఫలం కోసం చేతిలోని కర్మను విడిచిపెట్టడం. అది త్యాగంలా కనిపించే ఫలాపేక్ష.

మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఇంకో వైపు నుంచి దీన్నే చూశారు. భాషకో, వృత్తికో సాధన కావాలి, సాధనకు కాలం కావాలి. దాన్ని ఆయన ఒప్పుకున్నారు. ఎప్పటికో మంచివాణ్ని అవుతానన్న ఆలోచనను మాత్రం వాయిదాగానే చూశారు. ఆ భేదం జట్టుకూ వర్తిస్తుంది. నైపుణ్యానికి ఏళ్లు పడతాయి. నిజాయతీగా ఆడటానికి ఒక్క రోజు గడువు కూడా అక్కర్లేదు. పోటీనే శంకించిన ఆయన ఆలోచన వృత్తి క్రీడతో పూర్తిగా పొసగకపోయినా, ఈ భేదం నిలుస్తుంది.

ఇందులో న్యాయం మాటా ఉంది. ఆటగాడి వృత్తిజీవితం చిన్నది. పునర్నిర్మాణ కాలంలో దెబ్బలు తిన్న కుర్రాళ్లలో చాలామంది ఫలం చేతికొచ్చేనాటికి జట్టులో ఉండరు. వాళ్లను ఇంకొకరి గెలుపుకు మెట్లుగా వాడుకోవడం అన్యాయం. టికెట్టు కొన్న ప్రేక్షకుడికీ ఆ రోజు నిజమైన ఆట బాకీ ఉంటుంది.

రేపటి కోసం ఇవాళ్టిని వదులుకోనక్కర్లేదని రైతుకు తెలుసు. రాయలసీమలో గంగవరం, పుంగనూరు వైపు మామిడి అంట్లు నాటిన రైతు కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తాడు. అయినా సాళ్ల మధ్య నేలను బీడు పెట్టకుండా వేరుశనగో ఉలవలో వేస్తాడు. ఏ ఏటి పంట ఆ ఏటిదే, తోట తోటే.

కనుక దీర్ఘకాలిక ప్రణాళిక అధర్మం కాదు. అనుభవం లేని కుర్రాళ్లను ఎంచుకోవడం, వాళ్ల తప్పులను ఓర్చుకోవడం, ఆ క్రమంలో ఓడటం యాజమాన్యం తీసుకోదగిన నిర్ణయాలే. ఓటమినే కోరుకుని దానికి తగ్గట్టు ఆటను నడపడం అధర్మం. దింపిన జట్టు ప్రతి మ్యాచ్‌నూ గెలవడానికే ఆడుతోందా, అందులోని ప్రతి ఆటగాడూ ఏదో ఒకటి నేర్చుకుంటున్నాడా అన్నవి దీనికి పరీక్షలు. రెండింటికీ అవునని చెప్పగలిగితే, టైటిల్ వచ్చినా రాకపోయినా ఆ జట్టు తన ధర్మం నెరవేర్చినట్టే.